పులుపా, వగరా? ఒక చిన్న ఎర్ర పండు వెనుక నూరేళ్ల పరిశోధన

ఎండాకాలంలో ఇంట్లో ఎవరైనా 'మూత్రం మంటగా వస్తోంది' అంటే పెద్దవాళ్లు ఏమంటారో మీకు తెలిసే ఉంటుంది. 'ఒంట్లో వేడి చేసింది' అంటారు. బార్లీ నీళ్లు కాచి ఇస్తారు. కొబ్బరిబొండం కొట్టిస్తారు. ధనియాల కషాయమో, పల్లేరుకాయల కషాయమో తాగమంటారు. చాలాసార్లు రెండు మూడు రోజుల్లో మంట తగ్గిపోతుంది. 'చూశావా, కషాయం ఎలా పనిచేసిందో!' అని అమ్మమ్మ సంతోషిస్తుంది.

నిజంగా పనిచేసింది కషాయంలోని మొక్కేనా? దానితో పాటు కడుపులోకి వెళ్లిన నీళ్లా? లేక ఏమీ తాగకపోయినా ఆ మంట దానంతటదే తగ్గి ఉండేదా? ప్రశ్న చిన్నదే. కాని సరిగ్గా ఇలాంటి ప్రశ్నకే జవాబు వెదుకుతూ శాస్త్రజ్ఞులు నూరేళ్లకు పైగా శ్రమించారు. వారు పరీక్షించినది మన పల్లేరును కాదు, ఉత్తర అమెరికాలో పండే క్రాన్‌బెర్రీ అనే చిన్న ఎర్ర పండును. ఆ కథ తెలుసుకుంటే ఏ మూలిక గురించి విన్నా ఏమి అడగాలో మీకు తెలుస్తుంది.

జబ్బు ఏమిటి? కారకులెవరు?

ముందుగా జబ్బు సంగతి చూద్దాం. 1885లో థియోడర్ ఎషెరిక్ అనే వైద్యుడు పసిపిల్లల మలంలో ఒక కడ్డీ ఆకారపు బాక్టీరియాను గుర్తించాడు. తరువాతి కాలంలో దానికి ఆయన పేరు మీదనే ఎషరీషియా కోలై అన్న పేరు స్థిరపడింది. క్లుప్తంగా ఇ.కోలై అంటాం. ఇది మనందరి పేగుల్లోనూ హాయిగా నివసిస్తుంది. అక్కడ ఉన్నంతసేపు సాధారణంగా హాని చేయదు. దారి తప్పి మూత్రాశయంలోకి చేరితేనే చిక్కు. మూత్రంలో మంట, మాటిమాటికి వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి మొదలవుతాయి. మూత్రకోశ వ్యాధులలో అత్యధిక భాగానికి కారణం ఈ ఇ.కోలైయే.

ఈ బాధ స్త్రీలలోనే ఎక్కువ. మూత్రాశయం నుంచి మూత్రాన్ని బయటికి తెచ్చే గొట్టాన్ని ప్రసేకం అంటారని మీరు జీవశాస్త్రంలో చదివారు. పురుషులలో అది దాదాపు 20 సెంటీమీటర్ల పొడవు. స్త్రీలలో 4 సెంటీమీటర్లే. పైగా మలద్వారానికి దగ్గర. అంటే బాక్టీరియాకు ప్రయాణం బాగా తక్కువ. స్త్రీలలో సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఈ జబ్బు వస్తుంది. వారిలో చాలామందికి అది మళ్లీ మళ్లీ వస్తుంది. ఆరు నెలల్లో రెండుసార్లు గాని, ఏడాదిలో మూడుసార్లు గాని వస్తే వైద్యులు దాన్ని 'తిరగబెట్టే' జబ్బు అంటారు. మన దేశంలో సిగ్గు కొద్దీ ఈ బాధను ఎవరికీ చెప్పుకోని ఆడపిల్లలు ఎందరో!

చరకుడి జాబితా

మన ప్రాచీనులకు బాక్టీరియా తెలియదు. బాధ మాత్రం బాగా తెలుసు. కష్టంగా, మంటగా మూత్రం రావడాన్ని ఆయుర్వేదం మూత్రకృచ్ఛ్రం అంటుంది. చరక సంహిత దీన్ని ఎనిమిది రకాలుగా విభజించింది. అదే గ్రంథంలో మొక్కలను పదేసి చొప్పున యాభై వర్గాలుగా కూర్చారు. వాటిలో ఒక వర్గం మూత్రం ధారాళంగా వచ్చేలా చేసేవి. పల్లేరు, దర్భ, కుశ, రెల్లు, పాషాణభేది మొదలైనవి అందులో ఉన్నాయి. సుశ్రుత సంహితలో వరుణ వృక్షం పేరుతోనే ఒక మొక్కల గణం ఉంది. వరుణను మనం ఉలిమిరి అంటాం.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. పాషాణభేది అంటే రాతిని పగలగొట్టేది అని అర్థం. ఏ మొక్కను ఆ పేరుతో పిలవాలి? హిమాలయ ప్రాంతంలో కొండరాళ్ల మధ్య పెరిగే బెర్జీనియాను పాషాణభేది అంటారు. దక్షిణాదిన అదే పేరుతో పొలం గట్ల మీద పెరిగే కొండపిండి మొక్కను వాడతారు. రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి. వాటిలోని రసాయనాలూ వేరు. 'పాషాణభేది పనిచేస్తుంది' అని ఒకరు, 'పనిచేయదు' అని మరొకరు అంటే, వాళ్లు ఒకే మొక్క గురించి మాట్లాడుతున్నారో లేదో ముందు తేల్చుకోవాలి. మూలికల పరిశోధనలో మొదటి మెట్టు ఇదే. ఇక క్రాన్‌బెర్రీ దగ్గరికి వెళదాం.

గుర్రం మూత్రం నుంచి వచ్చిన సిద్ధాంతం

క్రాన్‌బెర్రీ చిత్తడి నేలల్లో నేల మీద పాకే చిన్న మొక్క. పండు రేగుపండు కంటె చిన్నది, ఎర్రనిది. కొరికితే నోరు పులిసి, నాలుక పిడచగట్టుకుపోతుంది. అమెరికా ఆదివాసులు దీన్ని ఆహారంగా, మందుగా వాడేవారు. ఎండిన మాంసంతో, కొవ్వుతో కలిపి నిలవ ఉంచుకునేవారు. 1816 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ తీరంలో హెన్రీ హాల్ అనే వ్యక్తి, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక కప్పిన తీగలు మరింత ఏపుగా పెరగడం గమనించి దాన్ని సాగుచేయడం మొదలుపెట్టాడు. మూత్రంలో మంటకు ఈ పండు రసం మంచిదన్న నమ్మకం క్రమంగా ప్రజల్లో పాతుకుపోయింది.

ఎందుకు మంచిది? ఈ ప్రశ్నకు తొలి జవాబు ఒక విచిత్రమైన చోటు నుంచి వచ్చింది. 1829లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ గుర్రం మూత్రంలో ఒక ఆమ్లాన్ని గుర్తించి హిప్యూరిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు. గ్రీకులో 'హిప్పోస్' అంటే గుర్రం. 1842లో వోలర్ అనే మరో ప్రఖ్యాత రసాయనవేత్త దగ్గర పనిచేసిన కెల్లర్ బెంజోయిక్ ఆమ్లాన్ని తానే మింగి, తన మూత్రాన్ని పరీక్షించుకున్నాడు. మింగినది బెంజోయిక్ ఆమ్లం, బయటికి వచ్చినది హిప్యూరిక్ ఆమ్లం! శరీరం ఒక పదార్థాన్ని మరొక పదార్థంగా మార్చి విసర్జిస్తుందని రుజువు చేసిన తొలి ప్రయోగాలలో ఇది ఒకటి.

క్రాన్‌బెర్రీలో బెంజోయిక్ ఆమ్లం సహజంగా ఉంటుంది. 1914లో అమెరికా శాస్త్రజ్ఞుడు బ్లాథర్‌విక్ ఆహారానికీ మూత్రానికీ గల సంబంధాన్ని పరిశీలిస్తూ, ఈ పండు తిన్నవారి మూత్రంలో హిప్యూరిక్ ఆమ్లం, దానితో పాటు ఆమ్లత్వం పెరుగుతాయని చూపాడు. 1923లో లాంగ్‌తో కలిసి మరింత వివరంగా ప్రకటించాడు. దీన్ని బట్టి ఒక చక్కని సిద్ధాంతం తయారైంది. పండు పుల్లన, అందువల్ల మూత్రం పుల్లన, పుల్లని మూత్రంలో బాక్టీరియా పెరగలేదు! పచ్చళ్లు పులుపు వల్ల పాడుకాకుండా నిలవ ఉండటం మనకు తెలుసు గదా. వినడానికి ఎంతో సబబుగా ఉంది. అందరూ ఒప్పుకున్నారు.

లెక్క తప్పింది

సబబుగా ఉన్నదల్లా నిజం కానక్కరలేదు. 1935లో సల్ఫా మందులు, ఆపైన యాంటీబయాటిక్స్ రంగప్రవేశం చేయడంతో పండ్ల రసాల మీద వైద్యులకు ఆసక్తి తగ్గింది. అయినా 1959లో బోడెల్, కోట్రాన్, కాస్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ పాత సిద్ధాంతాన్ని కొలతలతో పరీక్షించారు. హిప్యూరిక్ ఆమ్లం బాక్టీరియాను అడ్డుకోగలదు, నిజమే. కాని అందుకు అది చాలా గాఢంగా ఉండాలి, మూత్రం కూడా బాగా ఆమ్లంగా ఉండాలి. మనిషి మామూలుగా తాగగలిగినంత రసంతో ఆ గాఢత రావడం అరుదు.

సిద్ధాంతం కూలింది. మరి మంట తగ్గిందని చెప్పినవారి మాటో? 1966లో మరికొందరు వైద్యులు 60 మంది రోగులకు మూడు వారాల పాటు రోజూ సుమారు అరలీటరు రసం ఇచ్చారు. సగం మందికి పైగా మెరుగు కనిపించిందన్నారు. కాని ఆ పరిశీలనలో ఒక పెద్ద లోపం ఉంది. రసం తాగని మరో జట్టును పోల్చి చూడలేదు. పోలిక లేనప్పుడు రసం వల్ల తగ్గిందో, కాలం గడవడం వల్ల తగ్గిందో ఎవరు చెప్పగలరు? మన అమ్మమ్మ కషాయం విషయంలో వచ్చిన ప్రశ్నే ఇక్కడా వచ్చింది.

చంపదు, అంటుకోనివ్వదు

1984లో కథ మలుపు తిరిగింది. అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సొబోటా ప్రశ్ననే మార్చి వేశాడు. రసం బాక్టీరియాను చంపుతోందా అని కాక, బాక్టీరియా అంటుకోకుండా చేస్తోందా అని అడిగాడు.

మూత్రాశయాన్ని ఒక కాలువలా ఊహించుకోండి. మూత్రం ప్రవాహంలా వచ్చినప్పుడల్లా బాక్టీరియా కొట్టుకుపోవాలి. అలా పోకుండా నిలబడాలంటే గట్టును పట్టుకోవాలి. అందుకోసం ఇ.కోలై ఒంటి నిండా సన్నని నూగులాంటి పోగులుంటాయి. వీటిని ఫింబ్రియాలంటారు. వాటి కొసలు మూత్రాశయపు కణాల మీది చక్కెర అణువులను తాళంచెవి తాళానికి పట్టినట్లు పట్టుకుంటాయి. క్రాన్‌బెర్రీ రసం కలిపితే ఈ పట్టు సడలిపోవడం సొబోటా చూశాడు. బాక్టీరియా చావలేదు. అంటుకోలేకపోయింది, అంతే.

1991లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు ఇట్జాక్ ఓఫెక్, ఆయన సహచరులు ఏడు రకాల పండ్ల రసాలను పోల్చారు. వాటిలో మనకు బాగా తెలిసిన మామిడి, జామ, నారింజ, అనాస కూడా ఉన్నాయి. ఫింబ్రియాలలో ఒక రకం ఫ్రక్టోజ్‌కు లొంగుతుంది. ఆ చక్కెర అన్ని పండ్లలోనూ ఉంటుంది కాబట్టి అన్ని రసాలూ దాన్ని అడ్డుకున్నాయి. మరొక మొండి రకాన్ని మాత్రం క్రాన్‌బెర్రీ, దాని దగ్గరి బంధువైన బ్లూబెర్రీ, ఈ రెండే అడ్డుకున్నాయి.

ఆ పనిచేస్తున్న పదార్థమేది? 1998లో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ హోవెల్ బృందం ప్రొయాంథొసయనిడిన్లు అనే పదార్థాలను చూపింది. పేరు నోరు తిరగకపోయినా రుచి మీకు తెలిసినదే. ఇవి టానిన్ల జాతివి. నాలుకను పిడచగట్టించే వగరు వీటిదే. డెబ్బయ్యేళ్ల పాటు శాస్త్రజ్ఞులు పండులోని పులుపును కీర్తించారు. ఘనత వగరుదై ఉండవచ్చునని ఇప్పుడు తేలింది!

అయితే ఇక్కడితో కథ సుఖాంతం కాలేదు. ఈ వగరు పదార్థాలు పేగుల నుంచి రక్తంలోకి చాలా కొద్దిగానే చేరతాయి. అంత కొద్ది మొత్తం మూత్రాశయంలో ఈ పని చేయగలదా, లేక పేగుల్లోని బాక్టీరియా వీటిని విడగొట్టినప్పుడు పుట్టే మరేవో పదార్థాలు చేస్తున్నాయా అన్నది ఇంకా తేలలేదు.

మనుషుల మీద పరీక్ష

పరీక్షనాళికలో జరిగినదంతా మనిషిలో జరగదు. అందుకే మనుషులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అసలు మందు, మరొక జట్టుకు అదే రంగు, అదే రుచి గల ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చాలి. ఈ ఉత్తుత్తి మందునే ప్లాసిబో అంటారు.

1994లో ఆవోర్న్ బృందం అమెరికాలో 153 మంది వృద్ధ స్త్రీలతో అలాంటి పరీక్ష చేసింది. రోజుకు 300 మిల్లీలీటర్ల చొప్పున ఆరు నెలలు రసం ఇచ్చారు. చీముకణాలతో కూడిన బాక్టీరియా ప్లాసిబో జట్టు నమూనాలలో 28 శాతంలో కనిపిస్తే, రసం జట్టులో 15 శాతంలోనే కనిపించింది. గొప్ప ఫలితమే. కాని రెండు జట్లలో గతంలో ఈ జబ్బు వచ్చినవారి పాలు సమానంగా లేదని విమర్శకులు ఎత్తిచూపారు. ఖర్చు భరించినది క్రాన్‌బెర్రీ రైతుల సహకార సంస్థ అన్న సంగతినీ గుర్తు చేశారు. 2001లో ఫిన్లాండ్‌లో 150 మంది స్త్రీలపై జరిగిన పరిశీలనలో, ఏ రసమూ తాగని జట్టులో 36 శాతానికి జబ్బు తిరగబెడితే, క్రాన్‌బెర్రీ, లింగన్‌బెర్రీ రసాల మిశ్రమం తాగిన జట్టులో 16 శాతానికే తిరగబెట్టింది. 2011లో 319 మంది అమెరికా కళాశాల విద్యార్థినులపై చేసిన పరీక్షలో ఫలితం తలకిందులైంది. రసం తాగినవారిలో 20 శాతానికి, ప్లాసిబో తాగినవారిలో 14 శాతానికి మళ్లీ వచ్చింది!

మరి ఏది నమ్మాలి? ఇలాంటి సందర్భంలో నాణ్యమైన పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి లెక్కకట్టడమే మార్గం. కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ చేసే పని అదే. 2012లో 24 పరీక్షలను చేర్చి చూస్తే, క్రాన్‌బెర్రీ వల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని తేలింది. పత్రికలు ఈ పండు కథ ముగిసిందన్నాయి. 2023లో అదే సంస్థ 50 పరీక్షలను, 8,857 మందిని లెక్కలోకి తీసుకుని తన తీర్పును తానే మార్చుకుంది. తిరగబెట్టే జబ్బు గల స్త్రీలలో ముప్పు 26 శాతం తగ్గుతోంది. అంటే క్రాన్‌బెర్రీ లేకుండా నూరుమందికి వచ్చేచోట, దానితో 74 మందికి వస్తుందన్నమాట. పిల్లలలో తగ్గుదల ఇంకా ఎక్కువ. కాని వృద్ధాశ్రమాలలో ఉండే ముసలివారికి, గర్భిణులకు, మూత్రాశయం పూర్తిగా ఖాళీకాని వారికి లాభం కనబడలేదు.

తీర్పు మారిందని నవ్వకండి. కొత్త సాక్ష్యం వస్తే పాత అభిప్రాయాన్ని దిద్దుకోవడం విజ్ఞానశాస్త్రానికి సిగ్గుచేటు కాదు, బలం.

ఇంత శ్రమ ఎందుకు?

'బోలెడు యాంటీబయాటిక్స్ ఉండగా ఈ పండ్ల గోల ఎందుకు?' అని మీరు అడగవచ్చు. జవాబు నెదర్లాండ్స్‌లో 2011లో వెలువడిన ఒక పరిశోధనలో ఉంది. జబ్బు మాటిమాటికి వచ్చే 221 మంది స్త్రీలలో సగం మందికి రోజూ చిన్న మోతాదులో యాంటీబయాటిక్, మిగిలినవారికి క్రాన్‌బెర్రీ గుళికలు ఏడాది పాటు ఇచ్చారు. యాంటీబయాటిక్ జట్టులో జబ్బు సగటున 1.8 సార్లు వచ్చింది. క్రాన్‌బెర్రీ జట్టులో 4 సార్లు. యాంటీబయాటిక్ గెలిచింది గదా అనుకుంటాం. కాని ఒక్క నెల తిరిగేసరికి ఆ జట్టువారి పేగుల్లోని ఇ.కోలై నమూనాలలో 86 శాతం ఆ మందును లెక్కచేయని స్థితికి వచ్చేశాయి. క్రాన్‌బెర్రీ జట్టులో అలాంటివి 24 శాతమే. ఈ రోజు సుఖం కోసం రేపటి మందును పోగొట్టుకుంటున్నామన్నమాట. మందుల చీటీ లేకుండానే యాంటీబయాటిక్స్ కొనుక్కోవడం అలవాటైన మన దేశానికి ఇది మరీ పెద్ద బెడద. చంపకుండా, అంటుకోకుండా మాత్రమే చేసే పదార్థాల కోసం అన్వేషణ అందుకే సాగుతోంది.

ఆ అన్వేషణలో అన్నీ విజయాలే కావు. మానోజ్ అనే చక్కెర ఫింబ్రియాల కొసలను మూసివేస్తుందని ప్రయోగశాలలో రుజువైంది. దాంతో డి-మానోజ్ పొడి అంగళ్లలో విరివిగా అమ్ముడుపోయింది. 2024లో బ్రిటన్‌లో 598 మంది స్త్రీలపై ఆరు నెలల పరీక్ష ఫలితాలు వచ్చాయి. మానోజ్ జట్టులో 51 శాతం, ప్లాసిబో జట్టులో 56 శాతం మంది జబ్బుతో మళ్లీ వైద్యుల దగ్గరికి వెళ్లారు. అంత కొద్ది తేడా కాకతాళీయంగానూ రావచ్చు కాబట్టి లాభం లేదనే తేల్చారు.

వాక్కాయ క్రాన్‌బెర్రీ కాదు

ఇక మన సంగతి. క్రాన్‌బెర్రీ మన నేలలో పండదు. బజారులో 'ఇండియన్ క్రాన్‌బెర్రీ' అన్న పేరుతో అమ్మేది మన వాక్కాయనే. అవును, మీ ఇంట్లో పప్పులో వేసుకునే పుల్లని వాక్కాయే! రంగు కలిసింది, పులుపు కలిసింది. కాని వాక్కాయ గన్నేరు కుటుంబానికి చెందినది. క్రాన్‌బెర్రీకీ దానికీ చుట్టరికం లేదు. ఒకదానిపై జరిగిన పరీక్షల ఫలితాన్ని మరొకదానికి అంటగట్టకూడదు. పాషాణభేది విషయంలో మనం నేర్చుకున్న పాఠమే ఇది.

మన మొక్కల మీద పరిశోధన జరగలేదని కాదు. ఉలిమిరి బెరడును మూత్రకోశ వ్యాధులలో వాడి చూసిన మన వైద్యులు ఆ ఫలితాలను 1982లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రచురించారు. కాని ఒక్క క్రాన్‌బెర్రీ మీదనే 50 పరీక్షలు జరిగాయి. పల్లేరు, కొండపిండి, ఉలిమిరిల మీద ఆ స్థాయి పరీక్షలు జరగాలి. వాటిని పనికిరానివని కొట్టివేయడానికీ ఆధారం లేదు, సర్వరోగ నివారిణులని పొగడడానికీ ఆధారం లేదు. ఆ పని మీలో ఎవరి కోసమో ఎదురుచూస్తోంది.

ఈలోగా అన్నిటికంటె చౌకైన 'మందు' ఒకటి పరీక్షలో నెగ్గింది. 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో, నీళ్లు తక్కువగా తాగే అలవాటుండి జబ్బు మాటిమాటికి వచ్చే 140 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజూ అదనంగా ఒకటిన్నర లీటర్ల నీళ్లు తాగింది. ఏడాదిలో ఆ జట్టుకు సగటున 1.7 సార్లు, మామూలుగా తాగిన జట్టుకు 3.2 సార్లు జబ్బు వచ్చింది. చూశారా! అమ్మమ్మ కషాయంలో మొక్క వంతు ఎంతో తెలియదు గాని, నీళ్ల వంతు మాత్రం ఖాయం. బడిలో మరుగుదొడ్డి బాగుండదని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండే ఆడపిల్లలకు ఎంత అన్యాయం జరుగుతోందో దీన్ని బట్టి గ్రహించవచ్చు. బడిలో శుభ్రమైన మరుగుదొడ్డి కట్టడం కూడా ఈ జబ్బుకు నివారణోపాయమే.

చివరగా ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పుకున్నదంతా జబ్బు మళ్లీ రాకుండా చూసుకోవడం గురించే. వచ్చిన జబ్బును క్రాన్‌బెర్రీ గాని, కషాయం గాని నయం చేస్తుందని రుజువు కాలేదు. చలిజ్వరం, వీపు పక్కల నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం కనిపిస్తే సూక్ష్మజీవులు మూత్రపిండాల దాకా చేరి ఉండవచ్చు. అప్పుడు వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గర్భిణులు, పసిపిల్లలు, మధుమేహం ఉన్నవారు ఏ లక్షణం కనిపించినా ఆలస్యం చేయరాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు డాక్టరును అడగకుండా క్రాన్‌బెర్రీ వాడకూడదు.

ఇకమీదట ఎవరైనా ఒక ఆకునో, కాయనో చూపి 'ఇది అద్భుతంగా పనిచేస్తుంది' అంటే నవ్వకండి, నమ్మకండి. ఏ మొక్క? ఎంత మోతాదు? ఎవరికి? దేనితో పోల్చి చూశారు? ఈ నాలుగు ప్రశ్నలూ మర్యాదగా అడగండి. ఒక చిన్న ఎర్ర పండు ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పడానికి నూరేళ్లు తీసుకుంది.